సూది మొన దగ్గర మొదలయ్యే పాఠం

హెచ్‌ఐవీ ఉన్న రోగికి సూదిమందు ఇవ్వాలంటే చాలామంది నర్సులు రెండు జతల గ్లౌజులు వెతుక్కుంటారు. పక్క మంచం మీద హెపటైటిస్‌ బి ఉన్న మనిషికి రక్తం తీసేటప్పుడు ఆ కంగారు కనిపించదు. లెక్క చూస్తే భయం తారుమారుగా ఉండాలి. వైరస్‌ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి 3. హెపటైటిస్‌ సి అయితే నూటికి 2 లోపే. హెపటైటిస్‌ బి మాత్రం, టీకా వేయించుకోని వాళ్లకు నూటికి 6 నుంచి 30 దాకా. పైగా బల్ల మీద ఎండిపోయిన రక్తపు మరకలో ఆ వైరస్‌ కనీసం 7 రోజులు బతికే ఉంటుంది.

ఈ లెక్క నర్సింగ్‌ పుస్తకాల్లో లేక కాదు. జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌ చదివిన ప్రతివాళ్లూ హెపటైటిస్‌ ఎ, ఇ ప్రధానంగా కలుషితమైన నీళ్లు, ఆహారం ద్వారా వస్తాయనీ, బి, సి, డి రక్తం ద్వారా వస్తాయనీ అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అయితే రాత్రి మూడు గంటలకు, నలభై మంచాల వార్డులో ఇద్దరే నర్సులున్నప్పుడు గుర్తొచ్చేది పుస్తకం కాదు, చేతికున్న అలవాటు. వైరల్‌ హెపటైటిస్‌ మీద ఇచ్చే శిక్షణ పట్టుకోవాల్సింది ఆ అలవాటునే.

ఆ అవసరాన్ని ప్రపంచం చాలా కష్టం మీద తెలుసుకుంది. 1969-70లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో రాయల్‌ ఇన్‌ఫర్మరీ కిడ్నీ విభాగంలో హెపటైటిస్‌ బి ప్రబలింది. డయాలిసిస్‌ రోగులతో పాటు వాళ్లకు వైద్యం చేసిన సిబ్బంది కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి టీకా లేదు. అమెరికా శాస్త్రవేత్త బరూచ్‌ బ్లంబర్గ్‌ ఈ వైరస్‌ ఆనవాలును గుర్తించి కొన్నేళ్లే అయింది. దానికే ఆయనకు 1976లో నోబెల్‌ వచ్చింది. ఆయన పుట్టినరోజైన జులై 28నే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్‌ దినంగా పాటిస్తున్నారు.

టీకా వచ్చాక ఏం జరిగిందో అమెరికా అంకెలు చెబుతాయి. 1983లో అక్కడ సుమారు 17,000 మంది ఆరోగ్య సిబ్బందికి హెపటైటిస్‌ బి సోకినట్లు అంచనా. 1995 నాటికి అది 400కు దిగింది. మధ్యలో, 1991లో, ఒక నిబంధన వచ్చింది. రక్తంతో పని ఉన్న ఉద్యోగులకు యాజమాన్యమే ఉచితంగా టీకా అందుబాటులో ఉంచాలి, ఏటా డ్యూటీ వేళల్లోనే శిక్షణ ఇవ్వాలి. ఆ 'డ్యూటీ వేళల్లోనే' అన్నది చిన్న విషయం కాదు. నైట్‌ డ్యూటీ దిగిన నర్సును పొద్దున పది గంటల సెషన్‌లో కూర్చోబెడితే హాజరు పట్టీ నిండుతుంది, అంతే.

మన దగ్గర ఈ టీకా సామాన్యుడికి అందడంలో హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. విదేశీ టీకా ధర మధ్యతరగతికి కూడా భారంగా ఉన్న రోజుల్లో, కె.ఐ.వరప్రసాద్‌రెడ్డి తన తల్లి పేరు మీద స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో 'శాన్‌వ్యాక్‌-బి'ని విడుదల చేసింది. జన్యు ఇంజినీరింగ్‌ పద్ధతిలో దేశంలోనే తయారైన తొలి హెపటైటిస్‌ బి టీకా అది. ధరలు నేలకు దిగాయి. 2011 నాటికి దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో హెపటైటిస్‌ బి చేరింది.

అయినా ఈ టీకా ఆ పట్టికలో చేరకముందు పుట్టిన తరం నర్సులు ఇంకా వార్డుల్లో ఉన్నారు. ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణకు 2016లో వచ్చిన నియమాలు సిబ్బంది అందరికీ హెపటైటిస్‌ బి టీకా వేయించడం ఆసుపత్రి బాధ్యత అని స్పష్టంగా చెప్పాయి. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. పరీక్షలు, మందులు ఉచితం. ఆరోగ్య సిబ్బందికి టీకా, శిక్షణ కూడా అందులో భాగమే.

చిక్కు ఎక్కువగా మూడో డోసు దగ్గరే. మొదటిది ఈ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో వేసుకోవాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఒకరికి బదిలీ, ఒకరికి పెళ్లి, ఇంకొకరికి వేరే ఆసుపత్రిలో ఉద్యోగం. 'నేను వేయించుకున్నాగా' అనే ధీమా మాత్రం మిగులుతుంది. మూడూ వేసుకున్నా కొందరి ఒంట్లో రక్షణ తయారు కాదు. అందుకే చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తంలో రక్షణ స్థాయిని చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్‌ టైటర్‌ పరీక్ష చేయించుకోవాలి. అది మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్‌ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. ఆ పరీక్ష కాగితం లేని టీకా సగం పనే.

ఇక చేతులు. వాడిన సూదికి మళ్లీ క్యాప్‌ పెట్టడం చిన్నప్పటి నుంచీ అబ్బిన శుభ్రత లాంటిది, మూత తీస్తే మూత పెట్టాలి. వార్డులో అదే ప్రమాదం. రెండు చేతులతో క్యాప్‌ పెట్టబోయి ఎడమ చూపుడు వేలికి గుచ్చుకున్న నర్సులు ప్రతి ఆసుపత్రిలో ఉంటారు. సూదిని హబ్‌ కట్టర్‌లో కత్తిరించి, గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. డబ్బా ముప్పావు నిండగానే మార్చాలి. ఆ డబ్బా మంచానికి చేతి దూరంలో లేకుండా కారిడార్‌ చివర ఉంటే ఎన్ని క్లాసులు చెప్పినా దండగే.

గుచ్చుకున్నాక ఏం చేయాలన్నదీ చేసి చూపించాల్సిందే. వేలు నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు, బ్లీచింగ్‌ పోయకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి, వెంటనే చెప్పాలి. రోగి హెపటైటిస్‌ బి పాజిటివ్‌ అని తేలితే, టీకా రక్షణ లేని వాళ్లకు ఇమ్యునోగ్లోబులిన్‌ ఇంజెక్షన్‌ వీలైతే 24 గంటల్లోపే ఇచ్చి, టీకా కూడా మొదలుపెట్టాలి. 'జాగ్రత్తగా ఉండక్కర్లేదా?' అని తిట్లు తినాల్సి వస్తుందనుకున్న స్టూడెంట్‌ నర్సు కట్టు కట్టుకుని ఊరుకుంటుంది. ఆ 24 గంటలూ అలా కరిగిపోతాయి. కాబట్టి ఈ శిక్షణ సూపరింటెండెంట్లకూ, హెడ్‌ నర్సులకూ కూడా కావాలి.

ప్రమాదం సిబ్బంది వైపే లేదు, రోగులకూ ఉంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్‌ బి వ్యాపించి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వాడిన సిరంజిలను మళ్లీ మళ్లీ వాడటం అందుకు కారణంగా బయటపడింది. పల్లెల్లో జ్వరమొస్తే 'ఒక సూదేసి పంపండి' అని అడిగే అలవాటు తెలుగువాళ్లకు తెలియనిది కాదు. మాత్రతో తగ్గే జ్వరానికి సూది వద్దని నచ్చజెప్పగల ఏఎన్‌ఎం కూడా హెపటైటిస్‌ను ఆపుతున్నట్టే. కొత్త సూది అయినా పాత సిరంజికి తగిలిస్తే లాభం లేదు. రోగికి వాడిన సిరంజిని పలువురికి వాడే మందు సీసాలో మళ్లీ ముంచితే ఆ సీసా మొత్తం కలుషితమైనట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారత్‌లో 2.98 కోట్ల మంది హెపటైటిస్‌ బితో, 55 లక్షల మంది హెపటైటిస్‌ సితో ఉన్నారు. వారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు. అలాంటప్పుడు పాజిటివ్‌ వచ్చిన రోగి మంచానికి ఎర్ర స్టిక్కర్‌ అంటించడం వల్ల ఎవరికి రక్షణ? ఆ రోగికి అవమానం, స్టిక్కర్‌ లేని మంచం దగ్గర నర్సుకు అజాగ్రత్త. ప్రతి ఒక్కరి రక్తాన్నీ వైరస్‌ ఉన్న రక్తంగానే చూడాలన్నది సరైన పద్ధతి.

ప్రసవాల గదిలో నర్సు చేతిలో ఉన్న శక్తి అంతా ఇంతా కాదు. పుట్టగానే హెపటైటిస్‌ బి సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది దీర్ఘకాలిక వ్యాధిగా మిగిలిపోతుంది. పెద్దవాళ్లలో అలా అయ్యేది 5 శాతం లోపే. పుట్టిన 24 గంటల్లో ఇచ్చే ఒక్క డోసు బిడ్డకు రాబోయే లివర్‌ జబ్బును చాలావరకు ఆపేస్తుంది. ఆదివారమనో పండగనో ఆ డోసు వాయిదా పడకూడదు. టీకా గడ్డకడితే పనికిరాదని తెలిసి ఫ్రీజర్‌కు దూరంగా పెట్టాలి. తల్లి పాజిటివ్‌ అయితే ఇమ్యునోగ్లోబులిన్‌ కూడా ఇవ్వాలి, పాలివ్వొచ్చని ఆమెకు ధైర్యం చెప్పాలి.

రిపోర్టు చేతికొచ్చాక జనం డాక్టర్‌ను అడగలేని ప్రశ్నలు నర్సును అడుగుతారు. 'ఒకే కంచంలో తినొచ్చా సిస్టర్‌?' 'అమ్మాయికి పెళ్లి చేయొచ్చా?' తినొచ్చు, చేయొచ్చు. రేజరు, టూత్‌బ్రష్‌, గోళ్ల కట్టరు వేరుగా ఉంచుకోవాలి, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి. కామెర్లనగానే పసరు మందుకు, వాతలకు పరుగెత్తే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కామెర్లకు వాడే నేల ఉసిరి మీద స్వయంగా బ్లంబర్గే భారతీయ శాస్త్రవేత్తలతో కలిసి పరిశోధన చేశారు. తర్వాతి పరీక్షల్లో మాత్రం అది హెపటైటిస్‌ బిని తగ్గిస్తుందని గట్టి రుజువు దొరకలేదు. పసరు పోసే పెద్దాయన్ని ఎగతాళి చేయకుండా ఈ సంగతి చెప్పడం ఒక నేర్పు. వాతలు మాత్రం ఎవరికీ మేలు చేయవు, అది సూటిగానే చెప్పాలి.

హెపటైటిస్‌ సి విషయంలో చెప్పాల్సిన మాట మరీ తీపి. అది నయమవుతుంది. సోఫోస్‌బువిర్‌తో పాటు మరో మాత్ర కలిపి చాలామందికి 12 వారాలు వాడితే చాలు, నూటికి 95 మందికి పైగా వైరస్‌ పోతుంది. 2013లో అమెరికాలో సోఫోస్‌బువిర్‌ మాత్ర ఒక్కోటి వెయ్యి డాలర్లు. 2015లో హైదరాబాద్‌ కంపెనీ నాట్కో దాని జనరిక్‌ తెచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో ఉచితం. ఆ కేంద్రం తన జిల్లాలో ఎక్కడుందో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో ప్రతి స్టాఫ్‌ నర్సుకూ నోటికి వచ్చి ఉండాలి.

శిక్షణ జాబితాలో తరచూ మరచిపోయే పేరు ఒకటుంది, చెత్త సంచులు మోసే పారిశుద్ధ్య కార్మికురాలిది. నర్సు నిర్లక్ష్యంగా పడేసిన సూది చివరికి గుచ్చుకునేది ఆమె అరచేతికి. ఆమె చాలా చోట్ల కాంట్రాక్టు ఏజెన్సీ ఉద్యోగి, ఆసుపత్రి టీకా రిజిస్టరులో పేరుండదు. 2016 నియమాలు మాత్రం వ్యర్థాలను ముట్టుకునే అందరికీ టీకా అంటున్నాయి. రిజిస్టరులో ఆమె పేరు, మూడు డోసుల తేదీలు ఉన్నాయో లేదో ఏ తనిఖీ అధికారి అయినా ఐదు నిమిషాల్లో చూడగలడు.