కృత్రిమ గర్భధారణ పరిజ్ఞానం – చిన్న రైతుకు చేరవేసే భాష: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పశు సంతానోత్పత్తి శాస్త్రం ఎంత పరిణతి సాధించినా, దాని ఫలితం చివరకు ఒకటి రెండు పశువులున్న కుటుంబం సకాలంలో తీసుకునే నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయానికి ఆధారం అర్థమైన మాట. కృత్రిమ గర్భధారణకు సంబంధించిన తెలుగు పదజాలం రైతు అవగాహనకు ఎక్కడ తోడ్పడుతున్నదో, ఎక్కడ అపార్థానికి తావిస్తున్నదో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కృత్రిమ గర్భధారణ, ఎద, చూడి, పారిభాషిక పదాలు, విస్తరణ విద్య, చిన్న రైతు.

1. ప్రవేశిక

భారతదేశంలో కృత్రిమ గర్భధారణ తొలిసారిగా 1939లో మైసూరు రాజభవన పాడిక్షేత్రంలో సంపత్ కుమారన్ చేతుల మీదుగా జరిగింది. 1970లో ఆరంభమైన క్షీర విప్లవం, 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్, 2019 నాటి దేశవ్యాప్త కృత్రిమ గర్భధారణ కార్యక్రమం ఈ పద్ధతిని గ్రామాలకు విస్తరింపజేశాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వచేసిన వీర్యాన్ని తెలుగు ప్రాంతాలలో గోపాలమిత్రలు రైతు ముంగిటికే తీసుకువెళ్తున్నారు. సేవ ముంగిటికి చేరింది. దాని వెనుక ఉన్న జ్ఞానం కూడా అంతే దూరం చేరిందా అన్నది విచారించవలసిన విషయం.

2. పేరులోని చిక్కు

‘కృత్రిమ గర్భధారణ’ అన్న పదబంధంలో రెండు సమస్యలున్నాయి. మొదటిది ‘కృత్రిమ’ అన్న విశేషణం. శాస్త్రంలో దీని అర్థం ‘మానవ ప్రయత్నంతో చేసినది’ అని మాత్రమే. వాడుకలో ఈ మాటకు ‘సహజం కానిది, నకిలీది’ అన్న ఛాయ ఉంది. రెండవది ‘గర్భధారణ’. నిజానికి జరిగే పని వీర్యాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడం. గర్భం నిలవడం ఆ పనికి రాగల ఫలితం మాత్రమే. పనికి ఫలితం పేరు పెట్టడం వల్ల, పశువు చూడి కట్టనప్పుడు ఇచ్చిన మాట తప్పినట్లు రైతుకు తోస్తుంది.

గ్రామాలలో దీనిని ‘సూది వేయించడం’ అంటారు. పలకడానికి సులువైన మాటే. అయితే సూది అనగానే మందు స్ఫురిస్తుంది. మందు ఎప్పుడు వేసినా పనిచేయాలి కదా అన్న భావనలో సమయ ప్రాధాన్యం మరుగున పడుతుంది. ఈ పద్ధతిలో విజయానికి మూలం సమయమే.

3. ఎదను గుర్తించే పదసంపద

ఈ విషయంలో తెలుగు నిరుపేద భాష కాదు. ఎదకు రావడం, తీగలు వేయడం, తిరిగి పొర్లడం, చూడి కట్టడం, ఒట్టిపోవడం వంటి మాటలు పశుపోషకుల నిశిత పరిశీలన నుంచి పుట్టినవి. లక్షణాలు బయటికి కనిపించని స్థితికి ‘మూగ ఎద’ అన్న పేరు శాస్త్ర నిర్వచనానికి ఏమాత్రం తీసిపోదు. గేదెలలో, ముఖ్యంగా వేసవిలో, ఇది తరచుగా కనిపిస్తుంది.

ఈ పదాలను ఆధారం చేసుకుంటే శాస్త్ర సూత్రాన్ని తేలికగా చెప్పవచ్చు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం వీర్యం ఎక్కించాలన్నది ప్రసిద్ధ నియమం. ఆవులో ఎద లక్షణాలు ముగిసిన 10–12 గంటలకు అండం విడుదల కావడం దీనికి కారణం. కారణం చెప్పకుండా నియమాన్ని మాత్రమే అప్పగిస్తే అది ఆజ్ఞ అవుతుంది, కారణంతో కలిపి చెబితే అవగాహన అవుతుంది. ఒక ఎద తప్పితే మరో 21 రోజులు ఆగాలి. అన్నాళ్ల మేపు ఖర్చు కుటుంబంపైనే పడుతుంది. ఒకే గేదె ఉన్న ఇంటికి ఇది చిన్న నష్టం కాదు.

4. శ్రోత ఎవరు?

మేత వేయడం, కొట్టం శుభ్రపరచడం, పాలు పితకడం చాలా ఇళ్లలో స్త్రీల పనులు. తీగలను, మాటిమాటికీ అరవడాన్ని, పాలు తగ్గడాన్ని ముందుగా గమనించేది వారే. అవగాహన సదస్సులకు మాత్రం తరచుగా పురుషులే వెళ్తారు. పైగా ఎద గురించి పరాయివారి ముందు మాట్లాడడానికి స్త్రీలకు బిడియం అడ్డువస్తుంది. చూసేవారు ఒకరు, వినేవారు మరొకరు అయినప్పుడు సమాచారం మధ్యలోనే ఆగిపోతుంది. మహిళా సంఘాల సమావేశాలలో, పాల సేకరణ కేంద్రాల వద్ద ఈ విషయాలు చర్చకు వస్తే ఈ అంతరం తగ్గుతుంది.

5. ఆలస్యంగా కనిపించే ఫలితం

ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం ప్రకారం, ఫలితం కంటికి కనిపించే పద్ధతిని ప్రజలు త్వరగా స్వీకరిస్తారు. ఎరువు ప్రభావం ఒక పంటకాలంలోనే తెలుస్తుంది. ఇక్కడ దూడ పుట్టడానికే ఆవుకు 9 నెలలకు పైగా, గేదెకు 10 నెలలకు పైగా పడుతుంది. ఆ పెయ్య పెరిగి పాలివ్వడానికి మరికొన్నేళ్లు ఆగాలి. కనుక 60–90 రోజుల మధ్య చూడి పరీక్ష జరిపి, దాని ఫలితాన్ని రైతుకు వివరించడం నమ్మకాన్ని నిలిపే మధ్యంతర మజిలీ.

లింగ నిర్ధారిత వీర్యం విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ‘90 శాతం పెయ్యదూడలే’ అన్న ప్రచారాన్ని, నూరు సూదులకు 90 పెయ్యలు అని రైతు అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఆ లెక్క పుట్టిన దూడలకే వర్తిస్తుంది, చూడి కట్టే అవకాశానికి కాదు. సాధారణ వీర్యంతో పోలిస్తే దీనితో చూడి కట్టే శాతం కొంత తక్కువగానే ఉంటుంది. ఈ రెండు లెక్కలను విడివిడిగా చెప్పకపోతే, నిరాశ చెందిన రైతు మొత్తం పద్ధతినే శంకిస్తాడు.

6. ముగింపు

కొత్త పారిభాషిక పదాలను కల్పించడం కంటే రైతు నోట ఉన్న పదాలకు శాస్త్రార్థాన్ని జోడించడం మేలు. ప్రాంతాల వారీగా పశుపోషక పదకోశాల సేకరణ, కరపత్రాలను ముద్రణకు ముందు రైతులకు చదివి వినిపించి సవరించడం, సంభావ్యతను నిజాయితీగా తెలపడం తక్షణ కర్తవ్యాలు. ఇవి పశువైద్యులు మాత్రమే చేయగల పనులు కావు. మాండలికాలపై, పారిభాషిక పదనిర్మాణంపై కృషిచేసే తెలుగు పరిశోధకులకు ఇందులో సమాన బాధ్యత ఉంది.