ఇంటి కంప్యూటరునందు ఆటలు మందగించుట: కారణములు, నివారణోపాయములు

రాజమహేంద్రవరము మొదలుకొని కోనసీమలోని చిన్న గ్రామముల వఱకు నేడు మన గోదావరి సీమలో కంప్యూటరు గల గృహములు పెక్కు కలవు. తండ్రిగారి లెక్కలును, అక్కగారి పరీక్షాభ్యాసమును, తమ్ముని యాటలును ఒక్క యంత్రముమీదనే జరుగుట సామాన్యము. ఆట నడుమ బొమ్మ ఆగి యాగి కదలుట కారంభింపగానే బాలుడు క్రొత్త యంత్రము కొనిపెట్టుడనును. తండ్రి యసలు ఆటయే మానుమనును. ఈ రెండు మాటలకును ముందు విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు. యంత్రము నిజముగా నశక్తమైనదా, లేక దాని శక్తి యెక్కడనైన నడ్డగింపబడుచున్నదా? దీనికి సమాధానము తెలిసికొన్న యింట వేలకొలది రూపాయల వ్యయము తప్పవచ్చును.

కంప్యూటరు ఆటలో మనము చూచు చలనము సినిమాలో వలెనే త్వరత్వరగా మాఱు నిశ్చలచిత్రముల పరంపర. సినిమాకు సెకనుకు 24 చిత్రములు చాలును. అవి ముందే సిద్ధమై యుండును. ఆటలోనో, ఆడువాని చేతి కదలిక ననుసరించి ప్రతి చిత్రమును అప్పటికప్పుడు గీయవలసి యుండును. సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్క దానికి దొరకు కాలము సుమారు 16.7 మిల్లీసెకనులు మాత్రమే. నడుమ నొక్క చిత్రమునకు 50 మిల్లీసెకనులు పట్టినను కన్ను ఆ తొట్రుపాటును పసిగట్టును.

ఈ పని పలువురు పంచుకొందురు. ఆటలోని నియమములను, కదలికలను ప్రాసెసరు లెక్కించును. చిత్రమును గ్రాఫిక్స్ భాగము గీయును. వెంటనే కావలసిన వివరములను ర్యామ్ చేతి కందునట్లుంచును. తక్కిన సామగ్రిని డిస్కు భద్రపఱచును. ఇందు ఏ యొక్కరు వెనుకబడినను తక్కినవారు వేచి యుండవలసినదే.

మన కాలువలే దీనికి చక్కని దృష్టాంతము. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ దొర 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్టవలన మన డెల్టాకు నీరు పాఱినది. ఐనను, కాలువలో నొకచోట గుర్రపుడెక్క పట్టి ప్రవాహము నాపినచో, తలతూమును ఎంత పెద్దది చేసినను శివారు పొలము తడియదు. అడ్డున్నచోటు గుర్తించి దానినే తీయవలయును. కంప్యూటరు విషయమునను ఇదే న్యాయము.

అడ్డును గుర్తించుటకు ధనముతో బనిలేదు. విండోస్ గల యంత్రమున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజరు తెఱచుకొనును. ఆట నడచుచుండగా దానిలో ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ ఎంతెంత శాతము పనిచేయుచున్నవో చూడవచ్చును.

గ్రాఫిక్స్ నూటికి నూఱుగా నున్నచో చిత్రము గీయుటయే భారమైనదని తెలియును. అప్పుడు ఆటలోని సెట్టింగులయందు చిత్రపరిమాణమును తగ్గింపవలయును. 1920 బిందువుల వెడల్పు, 1080 బిందువుల యెత్తు గల చిత్రమున 20,73,600 బిందువులుండును. 1280, 720 గల దానిలో 9,21,600 మాత్రమే. అనగా పని సగముకంటె తక్కువ యగును. నీడలను, ప్రతిబింబములను తగ్గించినను మంచి ఫలము కలుగును.

గ్రాఫిక్స్ తీరికగా నుండి ప్రాసెసరు నిండియున్నచో, వెనుక నడచుచున్న యితర ప్రోగ్రాములను మూసివేయవలయును. ప్రాసెసరునందు పలు కోరులుండుటచే, మొత్తము 40 శాతమే కనబడినను ఒక్క కోరు పూర్తిగ నిండి యాటను నిలుపుచుండవచ్చును, ఇది మఱవరాదు. ర్యామ్ నిండినచో యంత్రము డిస్కును ర్యామ్ వలె వాడుకొన జూచును. అది మిక్కిలి నెమ్మది. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రములు ర్యామ్‌నే చిత్రమునకును వాడుకొనును గనుక, ఒక్క పలకకు మాఱుగా సమానమైన రెండు పలకలను తగిన గాడులలో నమర్చిన ఎక్కువ మేలు. తిరుగు పళ్లెముల హార్డు డిస్కు స్థానమున ఎస్‌ఎస్‌డీని పెట్టినచో ఆట త్వరగా తెఱచుకొనును. కాని చిత్రముల వేగము సాధారణముగ నంతగా పెరుగదు. కొనువారు ఈ భేదమును ముందే యెఱుగుట మంచిది.

ఆట మొదట బాగుగా నడచి పదునైదు ఇరువది నిమిషములకు మందగించినచో వేడిమిని శంకింపవలయును. పెక్కు ప్రాసెసరులు 100 డిగ్రీల సమీపమునకు వచ్చినంతనే తమ్ము దాము కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. లోపలి ఫ్యాను వీచునది మన గదిలోని గాలియే. వేసవిలో మనయొద్ద 40 డిగ్రీలు దాటిన గాలి యంత్రము నెంత చల్లార్చగలదు? దానిని గోడకు జేర్చి యుంచుట, చెక్కపెట్టెలో మూసియుంచుట, ల్యాప్‌టాపును పఱుపుమీద బెట్టి యాడుట మానవలయును. దుమ్ము పేరుకొన్నచో, కరెంటు తీగను తీసివేసి, మెత్తని కుంచెతో తుడువవలయును. ఫ్యాను ఱెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొనుడు. తడిగుడ్డ తగిలింపరాదు. ల్యాప్‌టాపును విప్పుట తెలిసినవారికే విడుచుట మేలు.

ల్యాప్‌టాపులు బ్యాటరీమీద నున్నపుడు తఱచుగా వేగము తగ్గించుకొనును. కావున కరెంటు తగిలించియే యాడవలయును. పవర్ సెట్టింగులనుగూడ పరీక్షింపుడు. గ్రాఫిక్స్ డ్రైవరును దానిని చేసిన సంస్థనుండియే తెచ్చుకొనుడు. అకస్మాత్తుగ కరెంటు పోవు ఊళ్లలో బల్ల కంప్యూటరునకు యూపీఎస్ అవసరము. వ్రాయుచుండగా నాగిన డిస్కులో తండ్రిగారి లెక్కలు చెడిపోవచ్చును.

ఇతరులతో ఇంటర్నెట్టుపై నాడునపుడు మఱియొక జాప్యము కలదు. గాజుతీగలో వెలుగు మిల్లీసెకనునకు సుమారు 200 కిలోమీటర్లు పోవును. సర్వరు ముంబయిలో నున్నదనుకొందము. రాజమహేంద్రవరమునుండి అది సుమారు వేయి కిలోమీటర్లు. పోయి వచ్చుటకే 10 మిల్లీసెకనులు తప్పవు. త్రోవలోని యంత్రములు ఇంకను చేర్చును. ఈ జాప్యమునకు క్రొత్త గ్రాఫిక్స్ కార్డు ఔషధము కాదు. వైఫై బలహీనముగా నున్నచో తీగతో కలుపుటయే తగినపని.

ఇక తల్లిదండ్రులు గమనింపవలసిన మాట. “ఒక్క నొక్కుతో వేగము రెట్టింపు” అని యూరించు ప్రోగ్రాములను, దొంగప్రతులుగ దొరకు ఆటలను ఇంటి యంత్రములోనికి రానీయరాదు. వానితోగూడ రహస్యపదములను దొంగిలించు ప్రోగ్రాములు రావచ్చును. వేగము కొఱకు వైరస్ రక్షణను తీసివేయుటయు నట్టి యపాయమే. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. దానినే వాడువారు ఈ విషయమున మఱింత జాగ్రత్తగా నుండవలయును.

విద్యార్థులారా! ప్రయోగశాలలో పాటించు నియమమునే యిక్కడను పాటింపుడు. ఒకమారు ఒక్క మార్పే చేయుడు. మార్పునకు ముందును వెనుకను సెకనుకు ఎన్ని చిత్రములు వచ్చినవో నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఫలము లేనిచో యథాస్థితికి తెండు. మొదట సెట్టింగులు, తరువాత గాలి, దుమ్ము. వీనికి వ్యయము లేదు. ఆ పిమ్మటనే ర్యామ్, డిస్కులమాట. ఇన్ని చేసినను ఆట నడువదేని, ఆ యాట మీ యంత్రమునకు మించినదని యంకెలే చెప్పును. ఆ నోటుపుస్తకమును తండ్రిగారి ముందుంచి యడుగుడు. ఆయన కొనినను కొనకున్నను, ఎందులకో మీ యిరువురకును తెలిసియే యుండును.