రాతికట్టడమును కాంతితో కొలుచుట యెట్లు?

2019 ఏప్రిల్ 15న పారిసు నగరమందలి నోత్రదామ్ దేవాలయపు పైకప్పు అగ్నికి ఆహుతి కాగా, కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో లేజరు యంత్రమును 50కి పైగా తావుల నిలిపి భద్రపఱచిన కొలతలు పునర్నిర్మాతలకు అక్కఱకు వచ్చినవి.

యంత్రము విడిచిన కాంతి గోడను తాకి మరలివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. అట్టి బిందువులు కోట్లకొలది కూడి కట్టడపు ఆకృతిని త్రిపరిమాణమున చూపును. అయితే, స్తంభము వెనుకనున్నది యంత్రమునకు కానరాదు గనుక చోటు మార్చి మార్చి నిలుపవలెను. ఈ చోటెన్నుకొను నేర్పు, ఈతవలెనే, పుస్తకపఠనముచే అలవడదు. కావుననే శిక్షణలో విద్యార్థులను కట్టడము చెంతకే కొనిపోయి, ట్రైపాడు నిలుపుట మొదలు వేర్వేరు తావుల కొలతలను అతుకుటవరకు వారి చేతనే చేయింతురు.

లేజరు లేకున్నను, ఛాయాచిత్రములతో కట్టడపు ఆకృతిని ఇట్లు పట్టుకొనవచ్చును. ప్రతి చిత్రమున సగముకన్న ఎక్కువ భాగము తరువాతిదానిలోను కనబడవలెను. మీ ఊరి రచ్చబండ చుట్టును తిరిగి, ఫోనుతో అట్లు తీసి చూడుడు.