పది లెక్కపెట్టేదాకా

టెక్సస్‌లో మా ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు ఎనిమిది మంది ఆడవాళ్లం బైబిల్ స్టడీకి కూర్చుంటాం. మొదటి ఏడాదంతా ప్రశ్న నేనే అడిగి జవాబూ నేనే చెప్పేదాన్ని. అందరూ తలూపి, టీ తాగి వెళ్లేవారు. బాగా నడుస్తోందనుకున్నా!

రూతు గ్రంథం మొదలుపెట్టాం. నాలుగే అధ్యాయాలు, వారానికొకటి. మొదటి అధ్యాయంలో నయోమి భర్తనీ ఇద్దరు కొడుకులనీ మోయాబులో పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొస్తుంది. ఇక తనను మారా అని పిలవమంటుంది. మారా అంటే చేదు. "సొంతూరికొచ్చి కూడా ఎందుకలా అంది?" అని అడిగి, ఈసారి ఊరుకున్నాను. మనసులో పది లెక్కపెట్టాను. ఆ పది ఎంత పొడుగో!

ఎప్పుడూ మాట్లాడని ఒక చెల్లి నోరు విప్పింది. "అమ్మ పోతే వీసా చిక్కుల్లో వెళ్లలేకపోయానక్కా. అంతా వీడియోలోనే చూశాను. దేవుడి మీద ఇంకా కోపంగానే ఉంది."

ఓదార్పు వాక్యం ఒకటి నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ అధ్యాయంలో నయోమిని ఎవరూ సరిదిద్దలేదు కదా. పక్కనున్నావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

లేచేముందు ఒక్క మాట గట్టిగా చెప్పాను: దీన్ని ప్రార్థన విన్నపమంటూ వాట్సాప్‌లో పెట్టొద్దు, ఇంట్లో మీవారికీ చెప్పొద్దు. మనలో ఎన్ని కబుర్లు ప్రార్థన పేరుతోనే ఊరంతా తిరగలేదు? (ఇక్కడ రాస్తున్నది ఆమెను అడిగే.)

తర్వాతి శుక్రవారం ఆ చెల్లి పులిహోర గిన్నెతో అందరికంటే ముందొచ్చింది. రెండో అధ్యాయం తనే చదువుతానంది.