ఓడ ప్రయాణానికి మర్యాద దుస్తులు

సముద్రానికి ఇంత దూరాన, రాతి గనుల నడుమ, రైలు జంక్షను చుట్టూ పెరిగిన మన డోన్ పట్టణంలో కూర్చుండి ఓడ ప్రయాణపు దుస్తులను గురించి వ్యాసం వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. మాకు కూడ మొదట అట్లే తోచింది. అయితే మా పూర్వ విద్యార్థి ఒకరు వ్రాసిన ఉత్తరం మమ్మల్ని ఈ విషయంపై ఆలోచింపజేసింది. ఆ యువకుడు పనిచేసే సంస్థ తన సిబ్బందిలో కొందరిని విహార నౌకలో మూడు రాత్రుల ప్రయాణానికి తీసుకొని వెళ్ళదలచింది. వచ్చిన ఆహ్వానంలో “ఒక సాయంత్రం విందుకు ఫార్మల్ దుస్తులు ధరించవలెను” అని ఒక వాక్యం ఉన్నది. ఆ ఒక్క వాక్యం కోసం అతడు వడ్డీకి అప్పు తెచ్చి నల్లని సూటు కుట్టించుకొనడానికి సిద్ధపడి, మా సలహా అడిగాడు. చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు ఇంకను తీరని ఇల్లు అది. “అప్పు చేసి పప్పుకూడు” అన్న సామెత తిండికే కాదు, బట్టకు కూడ వర్తిస్తుంది.

ఇటువంటి ప్రశ్న ఇకముందు మన విద్యార్థులలో మరికొందరికి ఎదురుకాక తప్పదు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై రేవులకు యాత్రికులను తీసుకొని వెళ్ళింది. 2023లో విశాఖ ఓడరేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమయింది. పూర్వం సీమకు చదువుకు పోయే సంపన్నుల బిడ్డలకు మాత్రమే సంబంధించిన విషయం నేడు గుమాస్తాల బిడ్డలకు కూడ సంబంధించినదయింది. కనుక దీనిని సావధానంగా పరిశీలించడం అవసరం.

ముందుగా మర్యాద దుస్తులంటే ఏమిటో తెలుసుకొందాము. విహార నౌకలలో సాధారణంగా మూడు తరగతుల వేషం ఉంటుంది. పగలు డెక్కు మీద తిరుగునప్పుడు తేలికైన దుస్తులు. మామూలు సాయంత్రాలలో కాలరున్న చొక్కా, పొడవు పంట్లాము, బూట్లు. ప్రత్యేకమైన విందు రాత్రులలో ఫార్మల్ దుస్తులు. ఈ మూడవ తరగతిని చూచియే మనవారు భయపడుతున్నారు. నల్లని కోటు, తెల్లని చొక్కా, మెడకు విల్లువలె కట్టిన టై, అంటే డిన్నర్ జాకెట్టు, అది లేనివాడు ఆ భోజనశాల గడప తొక్కరాదని వారి భావన.

ఆ డిన్నర్ జాకెట్టు చరిత్రను కొంచెం విప్పి చూస్తే భయం సగం తగ్గుతుంది. ఆంగ్లేయ సంపన్నులు రాత్రి విందులకు వెనుక తోకల వంటి అంచులు గల పొడవు కోటు తొడిగేవారు. 1865లో వేల్స్ యువరాజు లండనులోని హెన్రీ పూల్ దుకాణంలో, ఇంటివారి మధ్య హాయిగా భోజనం చేయడానికి తోకలు లేని పొట్టి కోటు కుట్టించుకొన్నాడు. 1886 నాటికి అది అమెరికాలో టక్సిడో పార్కు అనే చోట ప్రచారానికి వచ్చి, ఆ ఊరి పేరుతోనే ‘టక్సిడో’ అయింది. అనగా నేడు అత్యంత మర్యాదగా ఎంచబడే ఆ దుస్తు, పుట్టినప్పుడు మర్యాదను సడలించుకొనడానికి పుట్టినదే. మర్యాద అనేది బట్ట కత్తిరింపులో శాశ్వతంగా ఉండే గుణం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఇంకొక విశేషం. ఆ కోటు క్రింద నడుమునకు చుట్టుకొనే మడతల పట్టీని వారు ‘కమర్‌బండ్’ అంటారు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు దీని అర్థం చెప్పనక్కరలేదు. కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. ఈ దేశపు ఎండకు వెయిస్టుకోటు భరించలేక ఇక్కడి ఆంగ్లేయ సైనికాధికారులు మన నడికట్టును స్వీకరించారు. వారి విందు దుస్తులో మన మాట, మన కట్టు ఉండగా, మన దుస్తులతో ఆ విందుకు వెళ్ళడానికి మనం సంకోచించడం ఎందుకు?

సంకోచం అవసరం లేదనడానికి ఓడల నియమాలే సాక్ష్యం. క్యూనార్డ్ వంటి ప్రాచీనమైన నౌకా సంస్థ కూడ తన విందు రాత్రులలో డిన్నర్ జాకెట్టు లేదా ముదురు రంగు సూటుతోపాటు జాతీయ మర్యాద దుస్తులను అంగీకరిస్తున్నది. స్కాట్లాండువారు తమ కిల్టుతో వస్తారు. మనకు షేర్వాణీ ఉన్నది, బందుగలా కోటు ఉన్నది. నిజాముల కాలపు హైదరాబాదులో షేర్వాణీ ఒక మతానికి చెందినది కాదు. దర్బారుకు వెళ్ళే హిందువులు, ముస్లిములు ఉభయులూ దానిని ధరించారు. ఆ హైదరాబాదులోనే 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్, బెర్లినులో ఉన్నత విద్య పూర్తిచేసి వచ్చిన పండితుడు, 1967లో రాష్ట్రపతి పదవిని షేర్వాణీతోనే అలంకరించారు. తెల్లని తలపాగా, నిడుపాటి మూసిన కోటుతో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డులో ఆచార్యులుగా వెలిగారు. వారి పాండిత్యానికి ఆ దుస్తులు అడ్డు రాలేదు.

అయితే మన దుస్తు అన్నంత మాత్రాన ఏదైనా చెల్లుతుందని ఎవరూ భావించరాదు. తగని దుస్తును తగని వేళ ధరిస్తే కలిగే ఇబ్బందిని మహాత్మా గాంధీ తన ఆత్మకథలో దాచుకొనక చెప్పారు. 1888 సెప్టెంబరులో బొంబాయి నుండి ఇంగ్లాండుకు ఓడలో బయలుదేరిన ఆ యువకుడు, ఓడలో ఉన్నన్నాళ్ళు నల్లని సూటు ధరించి, ఒడ్డున దిగునప్పటి కోసం తెల్లని ఫ్లానెల్ దుస్తులను ప్రత్యేకంగా దాచుకొన్నాడు. తీరా దిగే వేళకు సెప్టెంబరు చివరి రోజులు. తెల్లని బట్టలు కట్టినవాడు తానొక్కడే. పైగా ఇతరులను చూచి తన పెట్టెలను, తాళపు చెవులతో సహా, ఒక ఏజెంటుకు అప్పగించాడు. మరునాడు ఆదివారం. సోమవారం వరకు పెట్టెలు చేతికి రావని తెలిసి ఎంతో నొచ్చుకొన్నాడు. తరువాత లండనులోని బాండ్ వీధిలో విందు సూటు కోసం 10 పౌండ్లు ఖర్చు చేశాడు. ఆయనే 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి కొల్లాయి కట్టుకొని ఓడలో వెళ్ళి, ఆ కొల్లాయితోనే బకింగ్‌హామ్ రాజభవనంలో చక్రవర్తిని కలిసికొన్నారు. మొదటి ప్రయాణంలో దుస్తులు పరుల మెప్పు కోసం. రెండవ ప్రయాణంలో తాను ఎవరి ప్రతినిధియో తెలుపడానికి. మహాత్ముని నిష్ఠ మనకు లేకపోవచ్చును గాని, ఈ రెండు ప్రయాణాల నడుమ ఉన్న తేడాను గ్రహించడం మనకు సాధ్యమే.

ఈ అనుభవం నుండి ఆచరణకు పనికివచ్చే సూత్రాలు కొన్ని ఏర్పడుతున్నాయి.

మొదటిది, పెట్టె సర్దుటకు ముందు ఆహ్వానాన్ని పూర్తిగా చదువవలెను. ఎన్ని రాత్రులు, వాటిలో విందు రాత్రులు ఎన్ని, జాతీయ దుస్తులు అంగీకారమేనా అన్నది ముందే విచారించుకోవలెను. నియమాలు ఓడకొక తీరుగా ఉంటాయి. అడగడం అవమానం కాదు. అడగకుండ అప్పు చేయడం అవివేకం.

రెండవది, బట్ట ఎంపిక. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. నూలు బట్ట త్వరగా ముడతలు పడుతుంది. పూర్తి పాలియెస్టరు ముడతలు పడకపోయినా చెమటను పీల్చదు. పలుచని ఉన్ని, లేదా ఉన్ని కలిసిన బట్ట, వ్రేలాడదీస్తే తనంతట తాను సర్దుకొంటుంది. భోజనశాలలు చల్లగా ఉంటాయి గనుక కోటు భారమనిపించదు. రంగు విషయంలో నలుపు కంటె ముదురు నీలం మేలని మా అభిప్రాయం. అది విందుకూ, ఉద్యోగపు ఇంటర్వ్యూకూ, పెండ్లికీ చెల్లుతుంది. మన ఊరి తెల్లని రాతి దుమ్ము నలుపు మీద ఎంతగా కనబడుతుందో ఇక్కడివారికి తెలియనిది కాదు.

మూడవది, కొలత. ఎంత వెలగల బట్టయైనా భుజాల దగ్గర జారిపోతే మర్యాద పోతుంది. ఈ మాట మేము అనుభవంతో చెబుతున్నాము. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ఒక సదస్సుకు మిత్రుని సూటు ఎరువు తెచ్చుకొని వెళ్ళాము. చేతులు వ్రేళ్ళ వరకు దిగినవి. మేము చదువవలసిన పత్రం కంటె ఆ చేతులను పైకి లాగుకొనడంలోనే మా శ్రద్ధ అంతా పోయింది. భుజపు కుట్టు భుజం చివరన ఆగవలెను. కాలరు గుండీ పెట్టిన తరువాత ఒక వ్రేలు దూరేంత చోటు ఉండవలెను. చొక్కా అంచు కోటు చేతి క్రింద కొద్దిగా కనబడవలెను. ఈ మూడింటిని ఏ ఊరి దర్జీయైనా సరిచేయగలడు.

నాలుగవది, సంఖ్య. మూడు రాత్రుల ప్రయాణానికి ఒక కోటు, రెండు పంట్లాములు, మూడు చొక్కాలు, ఒక జత నల్లని బూట్లు, తడి డెక్కు మీద జారని రబ్బరు అడుగు గల చెప్పులు చాలును. విందు రాత్రులు రెండు ఉన్నచో అదే కోటు క్రింద చొక్కా మార్చుకొనవచ్చును. ఓడ గదులు చిన్నవి, అలమరలు ఇరుకు. ఎక్కువ బట్టలు తెచ్చినవాడు వాటిని నలుపుకొనడమే గాని తొడిగేది లేదు.

అయిదవది, సర్దే పద్ధతి. కోటును లోపలి అస్తరు పైకి వచ్చేటట్లు త్రిప్పి, ఒక భుజాన్ని రెండవ భుజంలోనికి చొప్పించి, మడత నడుమ పాత మెత్తని పంచె ముక్క ఉంచి పెట్టెలో పైభాగాన పెట్టవలెను. బూట్లను సంచిలో చుట్టి అడుగున ఉంచవలెను. అగ్నిభయం వల్ల ఇస్త్రీ పెట్టెలను గదులలోనికి చాలా ఓడలు అనుమతించవు. స్నానాల గదిలో వేడినీటి ఆవిరి నిండినప్పుడు కోటును కొంతసేపు వ్రేలాడదీస్తే చిన్న ముడతలు పోతాయి. పెద్ద పెట్టెలను రేవులో సిబ్బంది తీసుకొంటారు. అవి గదికి చేరడానికి గంటలు పట్టవచ్చును. కనుక మొదటి రాత్రికి కావలసిన దుస్తులు, మందులు, కాగితాలు, తాళపు చెవులు చేతిసంచిలోనే ఉండవలెను. గాంధీజీ సోమవారం కోసం ఎదురుచూచిన సంగతి మరువరాదు.

ఇంతవరకు చెప్పినది విహార ప్రయాణాన్ని గురించి. మన పెద్దలకు తెలిసిన ఓడ ప్రయాణం వేరొకటి ఉన్నది. 1995 వరకు హజ్ యాత్రికులు బొంబాయి నుండి జిద్దాకు ఓడలలో వెళ్ళేవారు. ఓడ యలమ్లమ్ ప్రాంతానికి చేరేసరికి ధనికుడూ, కూలీ కూడ కుట్టు లేని రెండు తెల్లని వస్త్రాలు ధరించేవారు. అప్పుడు ఎవరి కోటు ఎంత వెలదో ఎవరూ ఎరుగరు. అది ఆరాధనా వేషం, ఇది విందు వేషం. రెండింటికి పోలిక లేదు. అయినను, దుస్తు మనిషిని మనిషి ముందు చిన్నబుచ్చడానికి కాదన్న మాట రెండు చోట్లా సత్యమే.

మా విద్యార్థికి ఇదే వ్రాశాము. వారి ఇంట్లో తాతగారి షేర్వాణీ ఒకటి ట్రంకుపెట్టెలో ఉన్నదని తెలిసి, ముందు దానిని తీసి చూడమన్నాము. దురదృష్టవశాత్తు కలరా ఉండలు వేయక అది పురుగుపట్టిపోయింది. సూటు ఆలోచన మాని అతడు తన జీతంలో మిగిలిన దానితోనే ఇక్కడి దర్జీ దగ్గర ముదురు నీలం బందుగలా కోటు కుట్టించుకొన్నాడు. తాతగారి షేర్వాణీ గుండీలు మాత్రం చెడలేదు. వాటిని ఈ కోటుకు కుట్టించాడు. వడ్డీ అప్పు అవసరం పడలేదు. తిరిగి వచ్చి అతడు వ్రాసిన ఉత్తరంలోని మాటలు ఇవి: “సార్, ఆ రాత్రి నా దుస్తులను గురించి ఎవరూ ఏమీ అనలేదు. కొంతసేపటికి నేను కూడ వాటిని మరచిపోయి, అందరితో మాట్లాడుతూ భోజనం చేశాను.”

ప్రియ విద్యార్థులారా, మర్యాద దుస్తులకు ఇంతకంటె మంచి పరీక్ష మాకు తెలియదు. చూచేవారు దుస్తును వదలి మనిషిని చూడవలెను. ధరించినవాడు దానిని మరచి తన మాట తాను నిశ్చింతగా మాట్లాడగలగవలెను. శుభ్రంగా, కొలతకు తగినట్లు, అప్పు లేకుండ కుట్టించుకొన్న ఒక్క కోటు అందుకు చాలును.