హైపోస్పేడియాస్: శస్త్రచికిత్స ముగిసిన తర్వాత

పురుషాంగం కొన వద్ద తెరుచుకోవలసిన మూత్రద్వారం అంగం అడుగుభాగంలోనో, తీవ్రమైన సందర్భాల్లో వృషణాల తిత్తి దగ్గరో తెరుచుకునే పుట్టుకలోపాన్ని వైద్యులు హైపోస్పేడియాస్ అంటారు. సుమారు 200 నుంచి 300 మంది మగశిశువుల్లో ఒకరికి కనిపించే ఈ లోపానికి ఏడాది, ఏడాదిన్నర వయసులో శస్త్రచికిత్స చేసి, మూత్రధార సూటిగా పడుతోందని చూసుకుని, ఇక బిడ్డకు నయమైపోయిందని అనుకోవడం చాలాకాలంగా సాగుతున్న పద్ధతి. కానీ ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, పెళ్లి చేసుకుని, సంతానం కోసం ఎదురుచూసే నాటికి తలెత్తే ప్రశ్నలన్నీ మూత్రనాళానికి సంబంధించినవే కావు; కొన్ని వృషణాలకు, వాటిని నడిపే హార్మోన్లకు చెందినవి.

ఈ సంబంధం అర్థం కావాలంటే గర్భస్థ దశలోకి వెళ్లాలి. తల్లి మాయలో తయారయ్యే హెచ్‌సీజీ అనే హార్మోన్ సుమారు ఎనిమిదో వారం నుంచి శిశువు వృషణాల్లోని లేడిగ్ కణాలను ప్రేరేపించగా అవి టెస్టోస్టెరాన్‌ను స్రవిస్తాయి. దానిలో కొంత భాగాన్ని 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ మరింత శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. దాని ప్రభావంతో అప్పటిదాకా తెరిచిన కాలువలా ఉన్న మూత్రనాళపు అంచులు రెండూ కలుసుకుని గొట్టంగా మూసుకుంటాయి. ఈ వరుసలో ఎక్కడ కొరత ఏర్పడినా ఆ మూత పడడం మధ్యలోనే ఆగిపోవచ్చు. మాయ బలహీనంగా ఉండి, తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్లో ఈ లోపం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం.

డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ స్కాకెబెక్, ఆయన సహచరులు 2001లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. హైపోస్పేడియాస్, తిత్తిలోకి దిగని వృషణాలు, వీర్యంలో నాణ్యత లోపం, వృషణ క్యాన్సర్ అనే నాలుగింటికీ మూలం పిండదశలో వృషణాలు సరిగా వికసించకపోవడంలోనే ఉండవచ్చునని దాని సారాంశం. ఈ సిద్ధాంతాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేస్తే మాత్రం అనవసర భయమే మిగులుతుంది. ద్వారం కొనకు దగ్గరగా ఉండి, వృషణాలు రెండూ తిత్తిలోనే ఉన్నవారిలో, అంటే ఈ లోపంతో పుట్టిన వారిలో అత్యధికుల్లో, హార్మోన్లు, వీర్యం సాధారణానికి దగ్గరగానే ఉంటాయి. ద్వారం బాగా వెనుకకు ఉన్నవారిలోనూ, వృషణం దిగకపోవడం వంటి మరో లోపం తోడైనవారిలోనూ శుక్రకణాల సంఖ్య తగ్గే అవకాశం స్పష్టంగా ఎక్కువ. క్యాన్సర్ ముప్పు కూడా ప్రధానంగా దిగని వృషణంతో ముడిపడినదే.

తీవ్రరూపంతో పుట్టిన వ్యక్తి రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ తరచుగా మామూలుగానే ఉంటుంది. గడ్డం మీసాలు వస్తాయి, కోరికలో తేడా ఉండదు, అందువల్ల అనుమానమూ రాదు. అయితే అదే కాగితంలో ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ అధికంగా, ఇన్‌హిబిన్-బి అనే మరో హార్మోన్ తక్కువగా కనిపిస్తే, శుక్రకణాలను పోషించే సెర్టోలి కణాలు నీరసించాయని, వాటిచేత పని చేయించడానికి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎక్కువ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పంపుతోందని గ్రహించాలి. పిట్యూటరీ పంపే మరో హార్మోన్ ఎల్‌హెచ్ పెరిగి ఉంటే లేడిగ్ కణాల విషయంలోనూ అదే జరుగుతున్నట్టు. టెస్టోస్టెరాన్ ఉదయం పూట ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది కనుక ఈ పరీక్షకు రక్తాన్ని ఉదయం పది గంటల లోపే ఇవ్వడం మంచిది. వీర్యపరీక్షలో మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో కనీస ప్రమాణంగా పేర్కొంది. అంతకు తగ్గినంత మాత్రాన సంతానం కలగదని కాదు, అవకాశం తగ్గుతుందని మాత్రమే అర్థం.

వీర్యం బాగున్నా అది బయటికి చేరే దారి వేరే చిక్కు. క్రీస్తుశకం రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్, ఇటువంటి పురుషులకు పిల్లలు కలగకపోవడానికి కారణం వీర్యంలో బలం లేకపోవడం కాదని, ఈ లోపంతో పాటు ఉండే అంగం వంపు వల్ల అది సూటిగా ముందుకు పోలేకపోవడమేనని రాశాడు. వంపును ఇప్పుడు శస్త్రచికిత్సతోనే సరిచేస్తున్నారు గానీ, చర్మంతో కట్టిన కొత్త నాళం చుట్టూ సహజనాళానికి ఉండే మెత్తని స్పంజి కణజాలం పూర్తిగా ఉండదు కాబట్టి, కొందరిలో వీర్యం వేగంగా చిమ్మకుండా నాళంలోనే నిలిచి, తర్వాత మెల్లగా కారుతుంది. తీవ్రరూపంతో పుట్టిన మరికొందరిలో ప్రోస్టేట్ గ్రంథి వద్ద యుట్రికిల్ అనే చిన్న సంచి పెద్దదై, వృషణాలను ఆనుకుని ఉండే ఎపిడిడిమిస్‌కు మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. శుక్రకణాలు ఉండి దారి మాత్రమే సరిగా లేనప్పుడు వాటిని సేకరించి గర్భాశయంలోకి ఎక్కించడంతోనే పని జరగవచ్చు. సంఖ్య మరీ తక్కువైతే 1992 నుంచి అందుబాటులో ఉన్న ఇక్సీ పద్ధతిలో ఒక్కొక్క శుక్రకణాన్ని ఒక్కొక్క అండంలోకి నేరుగా ప్రవేశపెడతారు. సంతానం కోరుకునే పురుషుడికి బలం కోసమంటూ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఇవ్వడం మాత్రం పెద్ద పొరపాటు, ఎందుకంటే బయటినుంచి హార్మోన్ అందగానే పిట్యూటరీ తన సంకేతాలను తగ్గించుకుంటుంది, దాంతో శుక్రకణాల ఉత్పత్తి దాదాపు నిలిచిపోవచ్చు.

ద్వారం బాగా వెనుకకు ఉండి, వృషణాలు కూడా చేతికి తగలని శిశువుకు శస్త్రచికిత్స కంటే ముందు క్రోమోజోముల పరీక్ష, హార్మోన్ల పరీక్షలు అవసరం. 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు మార్పు చెందిన జన్యువులు కలిస్తేనే బయటపడుతుంది కనుక, మేనరికాలు ఇంకా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ అవకాశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇంత సమాచారం ఉన్నా అది చేరవలసిన వ్యక్తికే చేరకపోవడం ఎక్కువగా చూస్తాం. పసివయసులో జరిగిన ఆపరేషన్ గురించి తల్లిదండ్రులు బిడ్డతో మాట్లాడడానికి మొహమాటపడతారు, డిశ్చార్జి కాగితాలు ఇల్లు మారినప్పుడు పోతాయి, ముప్పై ఏళ్లకు డాక్టర్ ముందు కూర్చున్నవాడు తనకు ఏం చేశారో చెప్పలేకపోతాడు. యుక్తవయసులో ఒకసారి వృషణాల పరిమాణం, అంగం వంపు, మూత్రధార చూపించుకోవడం, తీవ్రరూపంతో పుట్టినవారు పెళ్లికి ముందో తర్వాతో వీర్యపరీక్ష చేయించుకోవడం ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ ఉన్న పనులు. తన కొడుక్కూ ఈ లోపం వస్తుందా అనే ప్రశ్నకు సమాధానం కూడా అప్పుడే దొరుకుతుంది: ముప్పు ఇతరులకంటే ఎక్కువే గానీ అధికశాతం కొడుకులు ఏ లోపమూ లేకుండానే పుడతారు. డెన్మార్క్‌లో జరిగిన కుటుంబ పరిశీలనల ప్రకారం ఈ లోపం తండ్రి వైపు నుంచీ తల్లి వైపు నుంచీ దాదాపు సమానంగానే సంక్రమిస్తుంది కాబట్టి, కుటుంబ చరిత్ర అడిగే వైద్యుడు మేనమామల గురించి కూడా అడుగుతాడు.