హీరోగారి కారు తుక్కుకు పోవలసిందేనా?

వెండితెర మీద ఎందరో హీరోల సరసన మెరిసి, ఒక్క డైలాగూ చెప్పకుండానే చప్పట్లు కొట్టించుకున్న తార ఒకరున్నారు. ఆమెకు మేకప్పు అక్కర్లేదు. కాల్షీట్ల గొడవ లేదు. పారితోషికం పెంచమని ఏనాడూ అలగలేదు. మహా అయితే ఎండాకాలంలో రేడియేటర్లోకి కాసిని నీళ్లు అడిగేది, అంతే! జమీందారుగారి బంగళా ముందు ఆగినా, ఎర్రబుగ్గ పెట్టుకుని మంత్రిగారిని మోసినా, క్లైమాక్సులో విలన్ని తరిమినా ఆమెకు ఆమే సాటి.

పోల్చుకున్నారా? అవునండీ... అంబాసిడరే!

1950ల చివర్లో పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో పుట్టిన ఈ తార 2014 మే నెలలో రంగం నుంచి తప్పుకుంది. ఆమె చెల్లెలు బొంబాయి కుర్లాలో పుట్టిన ఫియట్. అదే తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. టాక్సీ వేషంలో ఈ చెల్లెమ్మ కనిపించని బొంబాయి సినిమా ఉందంటారా? అలాంటి పద్మిని టాక్సీ కూడా 20 ఏళ్ల వయోపరిమితి దాటిందని 2023 అక్టోబరు నెలాఖరులో ముంబయి రోడ్ల మీద నుంచి సెలవు తీసుకుంది.

టాక్సీల సంగతి సరే. మరి ఇంట్లో ముద్దుగా పెంచుకుంటున్న పాత బండ్ల మాటేమిటి? ‘స్క్రాప్ పాలసీ’ అనే మాట వినపడగానే పాత బండ్ల ప్రియుల గుండెల్లో రాయి పడుతోంది. మా పాలకుర్తిలోనూ అదే చర్చ!

కిలోల లెక్కన పద్మిని!

పాలకుర్తి అనగానే పాల్కురికి సోమన గుర్తొస్తాడు, చాకలి ఐలమ్మ పోరాటం గుర్తొస్తుంది. పాత కార్లకు మా ఊరు ప్రసిద్ధేం కాదు. అయినా ఒక రిటైర్డు పంతులుగారి ఇంట్లో 1984 మోడలు పద్మిని ఉంది. ఆదివారం ఆదివారం కవరు తీసి, తుడిచి, ఒక రౌండు తిప్పి మళ్లీ కవరు కప్పేస్తారు. కొత్త సినిమా వస్తే ఇంటిల్లిపాదీ అందులోనే జనగామ వెళ్లి చూసి వచ్చేవాళ్లు.

ఈ మధ్య ఆ కారును అమ్మేస్తారని విని మెకానిక్కును అడిగాను. ఆయన మొహం చిట్లించాడు.

“బండి మంచిగనే ఉన్నది సారూ. సార్‌కే ధైర్యం తక్వయింది. ఇనుప సామానోడు వచ్చి కిలోల లెక్క అడుగుతుండు. గిదేమన్న పాత గిన్నెలా, తూకమేసి అమ్మనీకి?”

మరి పంతులుగారేమంటారు? ఆయన లెక్కలు చెప్పిన మాస్టారు. అందుకే లెక్కతోనే జవాబిచ్చారు. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు చట్టం సంగతి చూడాలి.

చట్టం ఏమంటోంది?

2021 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్లో ఈ పాలసీని ప్రకటించారు. అదే ఏడు ఆగస్టు 13న ప్రధాని దాన్ని ప్రారంభించారు. దీని ప్రకారం సొంత బండ్లకు 20 ఏళ్ల తరువాత, కిరాయి బండ్లకు 15 ఏళ్ల తరువాత ఫిట్‌నెస్ పరీక్ష గట్టిగా ఉంటుంది. నెగ్గిన బండి దర్జాగా తిరగవచ్చు. తప్పినదే తుక్కు కింద లెక్క. వయసు మీరింది కదా అని మన వాకిట్లో కారును ఎవరూ ఎత్తుకుపోరు! డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ ప్రాంతపు కాలుష్యం మీద కోర్టులు పెట్టిన వేరే కట్టుబాటు. దాన్నీ దీన్నీ కలిపేసుకుని కంగారు పడేవాళ్లే ఎక్కువ.

తెలంగాణలోనూ 2024 అక్టోబరులో ప్రకటించిన విధానం స్వచ్ఛందమే. పాత బండిని తుక్కుకిచ్చి కొత్తది కొంటే పన్నులో రాయితీ ఇస్తారు.

మరి భయం దేనికంటారా? ఖర్చుకు! 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000కు ఎగిరింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కారుకు 10,000, మోటారు సైకిలుకు 2,000 చేశారు. దిగుమతి కారయితే 80,000! అయిదేళ్లకోసారి ఈ వాయింపు. దీని మీద గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు, రిపేర్లు...

యాభై నిండితేనే సన్మానం

అలాగని సర్కారుకు పాత బండ్ల మీద బొత్తిగా ప్రేమ లేదనుకోకండి. 2021 జూలైలోనే ‘వింటేజ్’ బండ్లకు ప్రత్యేక నియమాలు వచ్చాయి. బండికి 50 ఏళ్లు నిండాలి. చాసిస్, బాడీ, ఇంజను పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. 20,000 కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడు పక్కన ‘వీఏ’ అనే అక్షరాలు దర్జాగా కూర్చుంటాయి. అయితే ఆ బండిని రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి.

సినిమా ప్రియులు ఇక్కడొక చిన్న మెలిక గమనించాలి. ఆ జాబితాలో షూటింగు మాట లేదు! వింటేజ్ ప్లేటున్న కారును సినిమా కంపెనీకి అద్దెకిచ్చి రోడ్డు మీద నడిపిస్తే అది వ్యాపారమా, ప్రదర్శనా? పేచీ వస్తే ఏమిటన్నది నిర్మాతలు ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు మాస్టారి లెక్క వినండి.

“నా బండికి 2034లో యాభై నిండుతయి బిడ్డా. అప్పటిదాంక బండిని నేను కాపాడాలె. మరి అప్పటిదాంక నన్నెవరు కాపాడాలె?”

నవ్వుతూనే అన్నారు గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఇరవై ఏళ్లు నిండాక బండి ముసలిదైపోతుంది. యాభై నిండితే గానీ ముచ్చటైనది కాదు. మధ్యలో ముప్ఫై ఏళ్లు? ఆ ముప్ఫై ఏళ్లూ వనవాసమే! నిజాం నవాబుగారి 1912 నాటి రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో చల్లగా ఉంది. దానికి ఏ బెంగా లేదు. బెంగంతా పంతుళ్లూ గుమాస్తాలూ చిట్టీలు కట్టి కొనుక్కున్న పద్మినికీ, మారుతీ 800కీ, చేతక్ స్కూటరుకే.

తెరకేం సంబంధం?

ఎందుకు లేదు! ‘మహానటి’లో సావిత్రిగారి కాలం కళ్లకు కట్టిందంటే ఆనాటి కార్లకూ అందులో భాగం ఉంది. ‘సీతారామం’ కథ 1964, 1985 మధ్య నడుస్తుంది. ‘లక్కీ భాస్కర్’ 1980ల చివరి బొంబాయి కథ. 1980లు, 90ల కథలు ఇప్పుడు జోరు మీదున్నాయి. సరిగ్గా ఆ కాలపు బండ్లే ఇప్పుడు వనవాసంలో ఉన్నాయి! రేపు 2040లో ఓ దర్శకుడు 1990ల నాటి ప్రేమకథ తీయాలంటే హీరోయిన్ దిగే మారుతీ 800 ఎక్కడి నుంచి తెస్తాడు? కంప్యూటర్లో బొమ్మ గీయిస్తాడు. మరి ఆ తలుపు వేసినప్పుడు వచ్చే ‘టప్’ మన్న చప్పుడో?

అమెరికాలో ఏం జరిగింది?

2009 వేసవిలో అమెరికా ప్రభుత్వం పాత కార్లకు డబ్బులిచ్చి తుక్కు చేయించింది. 300 కోట్ల డాలర్ల పథకం. దాదాపు 6,77,000 కార్లు పోయాయి. వాటి ఇంజన్లు మళ్లీ ఎవరికీ పనికి రాకుండా నూనె తీసేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి నడిపించి బిగుసుకుపోయేలా చేశారు. అయితే అక్కడా పాత కార్ల ప్రియులకు ఒక వెసులుబాటు దొరికింది. 25 ఏళ్లు దాటిన కార్లను ఆ పథకంలో చేర్చనే లేదు!

జర్మనీలో 30 ఏళ్లు దాటి, చక్కగా కాపాడుకున్న కారుకు ప్రత్యేకమైన ‘హెచ్’ ప్లేటు ఇస్తారు. పాత బండ్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా 30 ఏళ్లకే ‘చారిత్రక వాహనం’ అంటుంది. మన దగ్గర 50. ఆ ఇరవై ఏళ్ల తేడాలోనే ఎన్ని పద్మినులు కరిగి కడ్డీలవుతాయో!

పొగ సంగతి మరిచి మాట్లాడటం లేదు. పాత ఇంజను పొగ ఎక్కువే. పగలూ రాత్రీ తిరిగే కాలం చెల్లిన లారీని తప్పించాల్సిందే. కానీ ఆదివారం ఒక రౌండు కొట్టే కారునూ, రోజుకు వందల కిలోమీటర్లు తిరిగే లారీనీ ఒకే గాట కట్టడం న్యాయమా? ముప్ఫై ఏళ్లు దాటిన సొంత బండికి, తిరిగే కిలోమీటర్లకు పరిమితి పెట్టి, తక్కువ ఫీజుతో ఒక నడిమి తరగతి ఏర్పాటు చేస్తే పోదూ? ఊరి గాలికీ నష్టం లేదు, మాస్టారి కారుకూ నష్టం లేదు.

కుర్రకారుకు ఒక మాట

2018లో ‘ఆర్ఎక్స్ 100’ సినిమా వచ్చాక ఆ మోటారు సైకిలు కోసం ఎగబడిన తమ్ముళ్లు మీలో ఎంతమంది? 1985లో మన దేశంలో పుట్టిన ఆ బండికి 2035లో యాభై నిండుతాయి. అందుకే చెబుతున్నాను, చెవిన వేసుకోండి. ఇంజను విప్పి కొత్త ప్రయోగాలు చేయకండి. చాసిస్ కోసి వంపులు తిప్పించకండి. అసలు రూపం పోయిందా, రేపు వింటేజ్ ప్లేటు అడిగే హక్కూ పోయినట్టే! ఆర్సీ కాగితం భద్రంగా ఉంచండి. రెన్యువల్ గడువు దాటనివ్వకండి. తుక్కుకు పోయే బండి కనపడితే లైటో, కార్బురేటరో కొని దాచండి. రేపు అవి దొరకవు.

మాస్టారు ఇంకా ఏమీ తేల్చలేదు. రెన్యువల్ గడువు దగ్గర పడుతోంది. ఇనుప సామానువాడు రెండుసార్లు వచ్చి వెళ్లాడట. మూడోసారి వచ్చేలోగా ఊళ్లోని కుర్రాళ్లు నలుగురు కలిసి ఆ రెన్యువల్ ఖర్చు పంచుకోవచ్చు కదా? కొత్త సినిమా మొదటి రోజు టిక్కెట్లకూ, కటౌట్లకూ, పాలాభిషేకాలకూ చందాలు వేసుకునేవాళ్లమేగా మనం! పద్మిని కూడా తారే కదండీ... ఏమంటారు?